ఉన్న బరువుకే పెట్టాలి

నిన్న మధ్యాహ్నం విస్సన్నపేట నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. మనవరాలి పోరు పడలేక ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నారట. దాంతోపాటు దుకాణం వాడు ఒక తిండి సంచీ కూడా అంటగట్టాడట. సంచీ వెనకాల ఇంత బరువుకి ఇంత, ఇన్ని నెలల పిల్లకి ఇంత అని గళ్ళు గీసి అంకెలు వేసి ఉన్నాయట గానీ, ఆ చీమతలకాయ అక్షరాలు ఆమె కళ్ళజోడుకి ఆనడం లేదట. "నువ్వు లెక్కల టీచరువి గదా వదినా, చెప్పు. దీనికి పూటకి ఎంత పెట్టాలి?" అని నవ్వుతూ అడిగింది. పదవీ విరమణ చేసే దాకా తిరువూరు చుట్టుపక్కల బళ్ళలో పిల్లలకి త్రైరాశికం నేర్పినదాన్ని నేను. ఇంత బియ్యం ఇంతమందికి ఇన్నాళ్ళు వస్తే, అంతమందికి ఎన్నాళ్ళు వస్తుందని ఎన్ని వందల మంది చేత చేయించానో నాకే తెలియదు. అయినా ఆ లెక్క నేను కట్టలేదు. "డాక్టర్ని అడుగమ్మాయ్" అని మాత్రం అనగలిగాను. ఆమె ఇంకేదో చెబుతూనే ఉంది గానీ, నా మనసు అప్పటికే ఆ ఏడాది వానల్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు మాకు టైగర్ ఉండేవాడు. ఆ పేరు మా ఆయన పెట్టారు, పిల్లప్పుడు వాడి ఒంటి మీద చారలేవో కనబడ్డాయని. పెరిగాక చారలు పోయాయి, పేరు మిగిలింది. వాడికి బల్లి అంటే భయం, బుడగ అంటే భయం, కుక్కర్ కూతంటే భయం. ఉరుమంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆకాశం కాస్త గొణిగితే చాలు, ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరి, ముక్కు పొట్టలో దోపుకుని, పిలిచినా పలక్కుండా పడి ఉండేవాడు. వర్షం వెలిసి ఎండ వచ్చాక గానీ బయటికి వచ్చేవాడు కాదు. వచ్చాక మాత్రం ఏమీ జరగనట్టు గేటు దగ్గర నిలబడి, వెళ్ళిపోయిన మబ్బుల మీద మొరిగేవాడు.

వాడి తిండి సంగతి మా అత్తయ్య చూసుకునేవారు. వాడిదే కాదు, అందరిదీ. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ మా ఇంట్లో గరిటె ఆవిడ చేతిలోనే ఉంది. వంట నేను చేసినా, నాకు ఒంట్లో బాగా లేక మా ఆయన చేసినా, వడ్డన మాత్రం ఆవిడదే. అందరి ముందూ నిలబడి ప్రార్థన చేసి, అందరికీ పెట్టి, అందరూ చేతులు కడుక్కుని లేచాక తను కూర్చునేవారు. "చాలత్తయ్యా" అంటే ఇంకో గరిటె పడేది. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పడేది. తిన్న గంటకు మళ్ళీ వచ్చి, "ఒంట్లో బానే ఉందా, కడుపులో ఏం నొప్పి లేదుగా" అని అడిగేవారు. పెళ్ళైన కొత్తలో అది నా వంటకి పెట్టిన వంక అనుకుని లోలోపల ఏడ్చేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. టైగర్‌కి ఆ గరిటె నిజంగా స్వర్గమే. పొద్దున అట్టు, మధ్యాహ్నం పప్పన్నం, ఆదివారం ఏసయ్య గుడి నుంచి వచ్చాక కోడికూర పులుసు కలిపిన అన్నం, మామిడికాయల రోజుల్లో రసాల టెంకలు. టెంక వాడి నోట్లోంచి లాక్కోవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. చివరికి వాడు కాళ్ళున్న బాలీసులాగా తయారయ్యాడు. టీకా వేయించడానికి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ వాణ్ణి చూసి, "పొట్టేలుకి కూడా ఇంత కొవ్వు పట్టదండీ. పెట్టేదాంట్లో సగానికి తగ్గించండి" అని మందలించింది. నేను ఒక గ్లాసు కొలత పెట్టి వారం రోజులు లెక్కగా పెట్టాను. అత్తయ్య నోరెత్తలేదు. వారం తర్వాత చూస్తే వాడి బరువు పెరిగింది. పెరట్లో అరుగు వెనకాల రెండో వడ్డన నడుస్తోందని అప్పుడు తెలిసింది. "కొలిచి పెట్టేది జైల్లోనమ్మా" అన్నారు అత్తయ్య, ఏమాత్రం సిగ్గుపడకుండా.

మా ఆయన ఏటా రెడ్డిగూడెం వైపు మామిడి తోటల కాపు కొని, కాయ దించి బయటికి పంపేవారు. అక్కడొక తోటలో రేకుల షెడ్డు ఉంది. కాయలు గ్రేడు చేయడానికి, ట్రేలు పెట్టుకోవడానికి, కూలీలు ఎండపూట నడుం వాల్చడానికి. టైగర్ రోజూ ఆయన బండి ముందు భాగంలో కూర్చుని తోటకి వెళ్ళేవాడు, కాయ మొత్తం తనే కొన్నట్టుగా. ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. ఆఖరి లోడు ఎత్తుతున్న రోజు మధ్యాహ్నానికే చీకటి కమ్మింది. లారీ బురదలో దిగబడుతుందని డ్రైవరు కంగారు, కాయ తడిస్తే పోతుందని మా ఆయన కంగారు. ఉరుములు మొదలయ్యాయి. మిగిలిన కాస్తా లారీలోకి ఎత్తేసి, షెడ్డుకి తాళం వేసి, అందరూ తలో దారినా బయటపడ్డారు. కుక్క కూలీల ఆటోలో ఎక్కి ఉంటుందని ఆయన అనుకున్నారు. ఆయన బండి మీద ఉందని కూలీలు అనుకున్నారు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఎక్కడా లేదు.

వాన కాస్త తెరిపివ్వగానే ఆయన వెనక్కి వెళ్ళి తోటంతా తిరిగారు. షెడ్డు చుట్టూ కూడా పిలిచారు. పైన రేకుల మీద వాన మోత, లోపల ట్రేల దొంతుల వెనక వరిగడ్డిలో దూరి, భయంతో బిగుసుకుపోయిన కుక్క. పలకలేదు. పలకదని మాకు తెలుసు. కానీ ఆ క్షణంలో అది ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాత వెతకడమంతా రోడ్ల మీదే. విస్సన్నపేట సెంటర్లో అడిగాం, ఆటోల వాళ్ళకి ఫోన్లలో ఫొటో పంపాం, రోడ్డు పక్కన ఏ కుక్క పడి ఉందని తెలిసినా ఆయన వెళ్ళి చూసి వచ్చేవారు. సీజన్ అయిపోయాక తోటవైపు వెళ్ళే పని ఎవరికీ లేదు. మూడు వారాలు దాటింది. అత్తయ్య వాడి పళ్ళెం కడిగి గూట్లో పెట్టేశారు.

ఒక పొద్దున ఇంటి రేకు కారుతోందని, షెడ్డులో ఉన్న టార్పాలిన్ తీసుకురావడానికి మా ఆయన రెడ్డిగూడెం వెళ్ళారు. కాసేపటికి ఫోన్ వచ్చింది. ఆయన గొంతు నేను గుర్తుపట్టలేదు. "దొరికాడు. బతికే ఉన్నాడు. అన్నం కలిపి ఉంచు" అన్నారు. కూలీలు తాగడానికి నీళ్ళు పట్టే సిమెంటు తొట్టి ఒకటి షెడ్డులో ఉంది. రేకు చిల్లులోంచి వాన దాంట్లోకే కారిందట. ఆ నీళ్ళే వాణ్ణి అన్నాళ్ళూ నిలబెట్టాయి.

నేను పరుగున వెళ్ళి అన్నంలో పాలు పోసి, చేత్తో మెత్తగా పిసికి, పళ్ళెం నిండా పెట్టుకుని వరండాలో నిలబడ్డాను. ఆటో ఆగింది. మా ఆయన టార్పాలిన్‌లో చుట్టి ఎత్తుకొచ్చింది ఏమిటో మొదట నాకు అర్థం కాలేదు. తడి గోనెసంచీలో వెదురుబద్దలు వేసినట్టుంది. కళ్ళు గుంటల్లోకి వెళ్ళిపోయాయి. కింద పెట్టగానే కాళ్ళు నాలుగు వైపులకీ జారిపోయాయి. కానీ పాల వాసన తగలగానే ఆ ఎముకల పోగులోంచి ఎక్కడ లేని బలం వచ్చింది. డేక్కుంటూ పళ్ళెం మీదికి వచ్చాడు. మూతి ఆన్చేలోపు ఎవరో నా చేతుల్లోంచి పళ్ళెం లాగేశారు. చూస్తే అత్తయ్య. సగం అన్నం వరండాలో చెల్లాచెదురైంది. ఆవిడ వంగి, కొంగుతో ఆ మెతుకులు గబగబా ఊడ్చేస్తున్నారు. వాడు నాలుక చాపి అందుకోబోతుంటే ఒక చేత్తో వాడి మెడ వెనక్కి నెడుతున్నారు.

"అమ్మా, ఏంటిది?" అన్నారు మా ఆయన.

"ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపో. అక్కడ చెప్పిందాకా ఒక్క మెతుకు పెట్టడానికి లేదు." జీవితంలో ఎవరి ముందు నుంచీ పళ్ళెం తీయని మనిషి అలా ఎందుకు చేసిందో అడిగే తీరిక మాకప్పుడు లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాణ్ణి పట్టి చూసి, చిగుళ్ళు నొక్కి చూసి, మొదట అడిగిన మాట, "ఏమైనా పెట్టారా?" అని. లేదన్నాం. ఆ అమ్మాయి ఊపిరి వదిలింది. "మంచి పని చేశారు. ఆకలికి పోయే ప్రమాదం ప్రస్తుతానికి తప్పింది. ఇప్పటి నుంచి తిండికి పోయే ప్రమాదం" అంది. ఇన్నాళ్ళు తిండి లేక ఒంట్లో ఉండాల్సిన లవణాలన్నీ అడుగంటి ఉంటాయని, ఒక్కసారిగా అన్నం పడితే దాన్ని అరిగించుకునే పనిలో ఆ మిగిలిన కాస్తా కూడా ఖర్చైపోతాయని, గుండె కొట్టుకోవడం తప్పిపోయి అలా తింటూ తింటూనే పడిపోవచ్చని విడమరిచి చెప్పింది. రక్తం తీసి పరీక్షకి విజయవాడ పంపింది. సూదులు వేసింది. అన్నం, రొట్టె, పాలు అసలు వద్దంది. ఉడికించిన గుడ్డు, మెత్తగా నలిపిన కోడిమాంసం నీళ్ళలా జారుగా చేసి, రోజంతా కొద్దికొద్దిగా పట్టమంది. ఆ కొద్ది ఎంతో తేలాలంటే బరువు తెలియాలి. ఆసుపత్రిలో ఉన్నది గేదెల్ని తూచేది. అందుకని మా ఆయన వాణ్ణి ఎత్తుకుని దగ్గర్లో ఉన్న పత్తి కొట్లో కాటా మీద నిలబడ్డారు. తర్వాత ఒక్కరే నిలబడ్డారు. రెండు అంకెలకీ తేడా నేను తీశాను. తీసి, మళ్ళీ తీశాను. ఎప్పుడో పొట్టేలు అన్న బరువులో సగం కూడా లేదు.

"మామూలుగా ఉండాల్సిన బరువుకి కదమ్మా లెక్క కట్టాలి?" అని అడిగాను, త్వరగా కోలుకుంటాడని ఆశతో.

"కాదు మేడమ్. ఇప్పుడు ఉన్న బరువుకే పెట్టాలి. అందులోనూ మొదట పావు వంతే" అంది డాక్టరమ్మ.

పావు వంతుని రోజులోని పూటలకి పంచితే పూటకి వచ్చింది దగ్గు మందు సీసా మూతలో రెండు మూతలు. ఆ లెక్క ఐదో తరగతి పిల్లాడైనా చేస్తాడు. అయినా నేను దాన్ని ఎన్నిసార్లు సరిచూసుకున్నానో. బళ్ళో తప్పు లెక్కకి ఎర్ర సిరాతో ఒక గీత పెడతాం. ఇక్కడ తప్పితే ఆ గీత ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. మూతలో గుడ్డు నింపేటప్పుడు కాస్త పైకి పొంగితే వేలితో గీకి తీసేసేదాన్ని. తీశాక, తక్కువైందేమో, దీనికే ప్రాణం నిలవదేమో అని ఇంకో భయం. అటు గొయ్యి, ఇటు నుయ్యి, మధ్యలో దగ్గు మందు మూత.

అంతకంటే కష్టం వాడి కళ్ళు. రెండు మూతలూ రెండు క్షణాల్లో అయిపోయేవి. ఆ తర్వాత వాడు పళ్ళెం నాకేవాడు, పళ్ళెం కింద గచ్చు నాకేవాడు, నా చేతిని, నా చీర అంచుని, ఆఖరికి వాసన తగిలిన గాలిని నాకేవాడు. తర్వాత తల ఎత్తి చూసేవాడు. మొరిగే ఓపిక లేదు. ఊరికే చూసేవాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మా ఆయన ఆ చూపు అసలు భరించలేకపోయేవారు. తాళం వేసింది తన చెయ్యి కాబట్టి, ఆ చూపు తన కోసమే అనుకునేవారు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. అత్తయ్య మాత్రం వాడి పక్కనే చాప వేసుకుని కూర్చున్నారు. పక్కింటావిడ జాలిపడి రొట్టెముక్క పట్టుకుని గేటు తీస్తే, ఈవిడ కూర్చున్న చోటి నుంచే చెయ్యెత్తి ఆపేవారు. మూత వాడి నోటికి అందించే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. మాకు అన్నం ముందు చేసేలాంటిది కాదు అది. పెదవులు గట్టిగా బిగబట్టి, ఎవరితోనో బేరమాడుతున్నట్టు ఉండేది. వాడు మింగాక వాడి పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, గుండె కొట్టుకుంటోందో లేదో చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయేవారు.

డాక్టరమ్మ రోజూ ఫోన్లో అడిగి, కాస్త పెంచమనేది. నాలుగు రోజులు అలా గడిచాయో ఐదో. వాడు తోక కొస కదిలించాడు. మాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

ఆ రోజు సాయంత్రం వీధిలో ఒకరింట్లో స్త్రీల ప్రార్థన కూడిక. అత్తయ్య పెద్ద కాబట్టి వెళ్ళక తప్పలేదు. "నేనొచ్చి పెడతా. నువ్వు ఊరికే కూర్చో" అని కొడుక్కి చెప్పి వెళ్ళారట. నేను బడి నుంచి వచ్చేసరికి వరండాలో వాడు పక్కకి ఒరిగి ఉన్నాడు. కాళ్ళు చిన్నగా కొట్టుకుంటున్నాయి. తల ఎత్తబోయి ఎత్తలేక గచ్చుకి కొట్టుకుంటున్నాడు. ఊపిరి కొలిమితిత్తిలా ఎగిరిపడుతోంది. మూతి దగ్గర పాల తడి, నానిన రొట్టె తునకలు. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. చేతిలో సగం చింపిన బన్ను కవరు.

"ఒక్క బన్నే" అన్నారు. "పాలల్లో నానబెట్టి పెట్టాను. వాడు అలా చూస్తుంటే ఏం చేయను?"

నేను గేటు బయటికి పరిగెత్తి ఆటో ఆపాను. ఆటోలో వాడి తల నా ఒళ్ళో, కాళ్ళు ఆయన ఒళ్ళో. బస్టాండు దాటేసరికి కాళ్ళు కొట్టుకోవడం ఆగిపోయింది. అది మంచికో చెడుకో నాకు తెలియలేదు. చెవి కిందికి వేలు దూర్చి నాడి కోసం వెతికాను. నా వేలిలోదే కొట్టుకుంటున్నట్టుంది. ఆయన మొహం వైపు చూడటానికి భయం వేసింది. ఆసుపత్రి మూసే వేళకి చేరాం. డాక్టరమ్మ ఒక్క మాట కూడా మందలించలేదు. గబగబా సూది ఎక్కించి, సెలైన్ పెట్టి, మమ్మల్ని బయట కూర్చోమంది.

వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఇంకా వెలుతురుంది. ఎవరో గేదెని తోలుకొచ్చి చెట్టుకి కట్టేశారు. కాసేపటికి అత్తయ్య వచ్చారు. కూడికకి కట్టుకున్న తెల్లచీరతోనే, చెప్పులు లేకుండా. పక్కింటావిడ చెప్పి ఉంటుంది. ఇప్పుడు కొడుకుని ఏమంటారోనని నేను బిగదీసుకున్నాను. ఆవిడ వచ్చి ఆయన పక్కన కూర్చుని, రొప్పు తగ్గేదాకా ఆగారు.

"నాకొక తమ్ముడు ఉండేవాడు" అన్నారు.

పెళ్ళై అన్నేళ్ళైనా నేను వినని సంగతి అది. మా ఆయన కూడా విననట్టే తలెత్తారు.

ఆవిడకి పదేళ్ళప్పుడట. తమ్ముడికి అంతకంటే చిన్న వయసు. వాడికి విషజ్వరం వచ్చింది. ఆ కాలంలో దానికి లంఖణమే మందు. రోజుల తరబడి నీళ్ళు, అప్పుడప్పుడు బార్లీ. పిల్లాడు ఎండుపుల్లలా అయిపోయాడు గానీ జ్వరం దిగింది. వైద్యుడు చూసి, గండం గడిచిందని, ఇంకొన్నాళ్ళు జావ మాత్రమే పట్టమని చెప్పి వెళ్ళాడు. "మాది నాట్లకీ కలుపులకీ పోయే ఇల్లు. మాకు ఎప్పుడూ జొన్నన్నమే. వరన్నమంటే పండక్కే. పిల్లాడు లేచాడని తెలిసి, మా అమ్మ పనికెళ్ళే ఇంటి ఆసామమ్మ దోసెడు బియ్యం ఇచ్చింది. వాడు పడుకున్న చోటి నుంచి ఆ అన్నం ఉడికే వాసన పట్టేశాడు. అమ్మా, తెల్లన్నం, తెల్లన్నం అని ఒకటే ఏడుపు. మా అమ్మ ఎంత సేపని ఆగుద్ది? పెట్టింది. ఇంత వెన్న వేసి మరీ పెట్టింది. వాడు తింటంటే మేమందరం చుట్టూ కూచుని చూశాం. ఎంత సంబరంగా తిన్నాడో నాయనా. నాకిప్పటికీ వాడి బుగ్గలు కనబడతాయి. తిని, మా అమ్మ ఒళ్ళోనే పడుకున్నాడు. పొద్దు వాలేలోపు కడుపు పట్టుకుని మెలికలు తిరిగి పోయాడు."

మా ఆయన చేతిలో ఆ బన్ను కవరు ఇంకా అలాగే ఉంది. అత్తయ్య దాన్ని మెల్లగా తీసుకుని, మడతపెట్టి, తన ఒళ్ళో పెట్టుకున్నారు.

"మా అమ్మని ఎవరూ ఏమీ అన్లేదు. మా నాన్న కూడా అన్లేదు. కానీ ఆ రోజు నుంచి మా అమ్మ బతికినన్నాళ్ళూ ఎవరికీ తన చేత్తో వడ్డించలేదు. వండేది, వండి గిన్నె నా ముందు పెట్టి అవతలికి పోయేది. నేనే అందరికీ పెట్టేదాన్ని. ఎవరు ముద్ద నోట్లో పెట్టుకున్నా నాకు లోపల దడే. ఇప్పుడూ దడే." కొంగుతో ముఖం తుడుచుకుని కొడుకు వైపు తిరిగారు. "నువ్వు పెట్టింది ప్రేమేరా. మా అమ్మ పెట్టిందీ ప్రేమే. టైగర్ పోయినా నువ్వు మాత్రం మా అమ్మలాగా అయిపోవద్దు. నాకు మాటివ్వు."

ఆయన మాటివ్వలేకపోయారు. తల్లి భుజం మీద తల వాల్చి, ఊరంత మనిషి, వెక్కివెక్కి ఏడ్చారు. నేను గేదె వైపు చూస్తూ కూర్చున్నాను. తిన్న గంటకు వచ్చి కడుపులో నొప్పి లేదుగా అని అడిగే ఆ గొంతుని నేను ఎన్నేళ్ళు విసుక్కున్నానో అప్పుడు లెక్క వేయబుద్ధి కాలేదు.

లోపలి నుంచి డాక్టరమ్మ బయటికి వచ్చి, గుండె ఒక దారికి వచ్చిందని, తెల్లారే దాకా మాత్రం ఏమీ చెప్పలేనని అంది. ఆ తెల్లారడం ఎలా జరిగిందో నేను రాయలేను. తెల్లారింది. వాడు ఉన్నాడు. అంతే.

అక్కడి నుంచి మళ్ళీ మొదటికి వచ్చాం. రెండు మూతలు. ఈసారి కొలిచే పని మా ఆయన తీసుకున్నారు. భయం ఎవరికీ తగ్గలేదు సరికదా, ముగ్గురికీ సమానంగా పంచుకున్నట్టైంది. ఆయన కొలిచేవారు, నేను సరిచూసేదాన్ని, అత్తయ్య ఇద్దర్నీ అనుమానంగా చూసేవారు. డాక్టరమ్మ రెట్టింపు చేయమంటే మేం కూడబలుక్కుని సగమే పెంచేవాళ్ళం. విజయవాడ నుంచి వచ్చిన రక్తపరీక్ష బాగుందని చెప్పినా నమ్మకం కలిగేది కాదు. "ఇంక అన్నం మొదలుపెట్టండి, ఏం కాదు" అని ఆ అమ్మాయి చెప్పిన రోజు మధ్యాహ్నం ముగ్గురం పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. నిమ్మకాయంత ముద్ద. వాడు గుటుక్కున మింగాడు. ఎదురుచూశాం. వీధిలో కూరగాయల బండి వచ్చి పోయింది. వాడు ఆవలించి, నా కాలి మీద గడ్డం పెట్టి పడుకున్నాడు. అత్తయ్య చెయ్యి వాడి పక్కటెముకల మీంచి మాత్రం కదల్లేదు.

నాట్లు పడి, చేలు పచ్చబడ్డాయి. టైగర్ ఒంటి మీద బొచ్చు మళ్ళీ నిగారించింది. గేటు దాకా నడిచాడు, తర్వాత గేటు దాకా పరిగెత్తాడు. మేము కాటా మీదికి తీసుకెళ్ళడం మానలేదు. కొట్లో వాళ్ళు పత్తి పక్కకి జరిపి మాకు దారి ఇచ్చేవారు. బరువు ఉండాల్సిన చోటికి వచ్చింది. అయినా వాడి ఆకలి మాత్రం షెడ్డులోనే ఉండిపోయినట్టుండేది. ఎంత పెట్టినా అదే ఆత్రం. పళ్ళెం తళతళలాడేదాకా నాకి, తర్వాత గచ్చు నాకి, ఇంకా ఉందేమోనని పళ్ళేన్ని మూతితో తోసుకుంటూ వరండా అంతా తిరిగేవాడు. ఆ రేకు పళ్ళెం చప్పుడు వింటే ఆ రోజులన్నీ మళ్ళీ మొదలైనట్టుండేది. ఇది మానదేమో అన్నాను డాక్టరమ్మతో. మానుతుందో లేదో చెప్పలేనంది.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం. గుడి నుంచి వచ్చి, వాడికి పెట్టి, మేము బట్టలు మార్చుకుంటున్నాం. వరండాలో చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య నన్ను పిలిచారు. గొంతు చిన్నగా ఉంది. పరుగున వెళ్ళాను. వెనకే ఆయన. పళ్ళెంలో ఇంకా రెండు ముద్దలంత అన్నం ఉంది. కోడికూర పులుసు కలిపిన అన్నమే. టైగర్ దాన్ని వదిలేసి మెట్ల మీద ఎండలో వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి గుర్రు పెడుతున్నాడు. ఒక ఈగ అన్నం మీద వాలింది. వాడు కన్ను తెరిచి దాన్ని చూసి మళ్ళీ మూసుకున్నాడు.

"వదిలేశాడు" అన్నారు అత్తయ్య. "చూశావా, సగం వదిలేశాడు." నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. కాసేపు ఆ పళ్ళెం వైపే చూసి, స్తంభం పట్టుకుని లేచారు. లోపలికి వచ్చి, ఎప్పుడూ లేనిది, మాతోపాటు పీట వాల్చుకుని కూర్చున్నారు. గిన్నెలు నా వైపు జరిపారు.

"ఇవాళ నువ్వు వడ్డించమ్మాయ్. నాకు కాళ్ళు లాగుతున్నాయి."

నేను వడ్డించాను. ఎంత పెట్టాలో అడగలేదు, ఆవిడా చెయ్యి అడ్డం పెట్టలేదు. మెల్లగా, కబుర్లు చెబుతూ, ఎవరి పళ్ళెం వైపూ చూడకుండా తిన్నారు. మనుషులం ముసలివాళ్ళమైపోతాం గానీ, మనలోని కొన్ని భయాలు అవి పుట్టిన నాటి మన వయసులోనే ఆగిపోతాయి. అత్తయ్య భయానికి ఆ మధ్యాహ్నం దాకా పదేళ్ళే.